యారాడ కొండ దారి (11వ భాగం): తూలకపోతే తాగనట్టేనా?

కిందటి వారం కథను 1954 నవంబరు దగ్గర ఆపాం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టి అప్పటికి ఏడాది దాటింది. 1937లో సేలం జిల్లాలో రాజాజీ మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. కొత్త రాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. నిషేధం నడవడం లేదు, ఎత్తేయండి అని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం వినలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న నిలబడ్డారు. చివరికి అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. నిషేధం మాత్రం పడిపోలేదు. 1968లో ఎక్సైజు చట్టం వచ్చి, ఆ మరుసటి ఏడాది దుకాణాలు తెరుచుకునేదాకా కాగితం మీద బతికే ఉంది.

ఈ వారం 1969 నుంచి 1997 దాకా వెళ్దాం. తాగి బండి నడపడం అనే నేరం మన చట్టంలో ఎలా ఎదిగిందో, మన మనసులో ఎందుకు ఎదగలేదో ఈ ఇరవై ఎనిమిదేళ్ళలోనే తెలుస్తుంది. నేను నమ్మేదేమిటో ముందే చెబుతాను. మన ప్రాంతంలో నూరేళ్ళుగా ప్రభుత్వాలు, ఉద్యమాలు, ఎన్నికలు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: తాగొచ్చా, తాగకూడదా? తాగినవాడు రోడ్డెక్కితే ఏమిటన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగే సమయం వచ్చినప్పుడు కూడా పాత ప్రశ్నే మళ్ళీ ముందుకొచ్చి దాన్ని తోసేసింది.

నడిచి వెళ్ళిన కాలం

విశాఖ పక్కనున్న యారాడ చోటు చూస్తే పాత కాలపు తాగుడు ఎలాంటిదో తేలిగ్గా అర్థమవుతుంది. ఒకవైపు సముద్రం, మిగతా వైపుల కొండ. డాల్ఫిన్ నోస్ వెనకాల ఒదిగిన ఊరు. పట్నం రావాలంటే కొండ ఎక్కి దిగాలి. ఘాట్ రోడ్డు పడకముందు చేపల గంపైనా కూరగాయల మూటైనా నెత్తిన పెట్టుకుని కాలిబాటనే రావాలి. ఉత్తరాంధ్ర తీరమంతా తాటి చెట్లు. యాత కులస్థులు కల్లు గీసేవారు, సెగిడీలు సారా వ్యాపారంలో ఉండేవారు. ఏజెన్సీలో జీలుగు కల్లు, ఇప్పసారా ఉండేవి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ చెట్లనూ బట్టీలనూ లెక్కగట్టి పన్ను వేసింది. ఎవరు ఎంత తాగారన్నది దానికి అక్కర్లేదు, ఎంత వసూలైందన్నదే కావాలి.

ఆ రోజుల్లో తాగినవాడు నడిచే ఇంటికి వెళ్ళాడు. గట్టు మీద పడితే వాడి మోకాలే చీరుకుపోయింది. వాడి తాగుడు దెబ్బ తిన్నది ఇల్లు. కూలి డబ్బులు కొట్టులో పోయాయి, పిల్లలు పస్తున్నారు, భార్య దెబ్బలు తింది. మద్యం గురించి మన ఊళ్ళలో పుట్టిన ధర్మమంతా, కోపమంతా ఆ ఇంటి చుట్టూనే అల్లుకుంది. అది న్యాయమైన కోపం. అయితే ఆ కోపంలో దారిన పోయే అపరిచితుడు లేడు. తాగినవాడి వల్ల ముక్కూ మొహం తెలియని మనిషి చచ్చిపోవచ్చన్న ఊహకు అప్పటి జీవితంలో చోటే లేదు. ఎద్దుబండి మీద తాగి పడుకున్నా ఎద్దులకు ఇంటి దారి తెలుసు.

1969 నాటికి ఊరు ఊరు కాదు

దుకాణాలు మళ్ళీ తెరుచుకునే నాటికి కొండకు ఇవతలి వైపు ప్రపంచం మారిపోయింది. 1933లో తెరిచిన ఓడరేవు, 1941లో సింధియా కంపెనీ పునాది వేసిన నౌకా నిర్మాణ కేంద్రం మనం ముందు భాగాల్లో చూశాం. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ వచ్చింది. 1960ల మధ్యలో బీహెచ్‌పీవీ, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన రేవుకు దిగడం మొదలైంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ పోరాటం తర్వాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1976లో బయటి రేవు, ఆ తర్వాత జింక్ స్మెల్టర్. మల్కాపురం, సింధియా, గాజువాక, ఎన్ఏడీ కూడలి... ఒకప్పుడు పొలాలు, ఉప్పుటేళ్ళు ఉన్న చోట్ల లారీలు బారులు తీరాయి.

ఈ లారీల లోకం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ లోకాన్ని చూడకపోతే తాగి నడపడం ఒకరిద్దరి చెడు అలవాటుగానే కనిపిస్తుంది.

రేవులో లోడు ఎప్పుడు దొరుకుతుందో డ్రైవరుకు తెలియదు. ఓడ ఆలస్యమైతే రెండు రోజులు అక్కడే పడిగాపులు. వేబ్రిడ్జి దగ్గర వరస, గేటు పాసు దగ్గర వరస. ఆ రెండు రోజుల్లో చేసేదేమీ లేదు, పడుకోవడానికి క్యాబిన్ తప్ప చోటు లేదు. లోడు పడ్డ క్షణం నుంచి యజమాని గడియారం పరుగెడుతుంది: ట్రిప్పు త్వరగా పూర్తయితేనే కిరాయి గిట్టుబాటు, అప్పుడే డ్రైవరుకు బేటా. విశాఖ నుంచి ఐదో నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా తోలాలి. పక్కన పదిహేనేళ్ళ క్లీనరు నిద్రతో తూలుతుంటాడు. ఒళ్ళు నొప్పులకు ఒక గుక్క, ధైర్యానికి ఒక గుక్క. ‘కొంచెం వేసుకుంటేనే చెయ్యి కుదురుగా ఉంటాది’ అనే మాట ఆ రోజుల్లో బడాయి కోసం అన్నది కాదు, చాలామంది నిజంగా నమ్మారు. యజమానికీ తెలుసు, తూకం గుమాస్తాకూ తెలుసు, ఢాబా వాడికీ తెలుసు. బండి చేరితే చాలనుకున్నారు.

ఫ్యాక్టరీ కార్మికుడిది మరో దారి. జీతాల రోజున గేటు బయట మొదటి పలకరింపు సారా కొట్టుదే. మొదట్లో సైకిళ్ళు. 1980లు వచ్చేసరికి మోపెడ్లు, స్కూటర్లు. సైకిల్ మీద తూలినవాడే అదే మత్తుతో స్కూటర్ ఎక్కాడు. చూసేవాళ్ళ కళ్ళకు అదే మనిషి, అదే దారి, అదే తూలుడు. బండి బరువు, వేగం మారాయన్నది ఎవరి బుర్రకూ ఎక్కలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు ఇదే. ఎవరూ గమనించలేదు కాబట్టి దీనికి తేదీ లేదు.

డాక్టరు ముక్కు, జడ్జీ సందేహం

మరి చట్టం ఏం చేస్తోంది?

1914 నాటి మోటారు వాహనాల చట్టం పాతబడ్డాక దేశమంతటికీ 1939లో కొత్త చట్టం వచ్చింది. అందులో 117వ సెక్షన్ తాగి నడపడం గురించి. అది మొదట పెట్టిన కొలత: వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా మత్తులో ఉండటం. ఎన్ని పెగ్గులు, రక్తంలో ఎంత అన్న లెక్క లేదు. మనిషి తీరు చూసి తేల్చాలి. మధ్యలో సవరణలు వచ్చినా స్టేషన్లో, ఆసుపత్రిలో జరిగే తంతు చాలాకాలం అదే. పోలీసు పట్టుకుంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. మన ఊళ్ళో అంటే కేజీహెచ్ ఆసుపత్రి. డ్యూటీ డాక్టరు నోటి వాసన చూస్తాడు, మాట ముద్దగా వస్తోందా, గీత మీద నడవగలడా, కంటి పాపలు విచ్చుకున్నాయా అని చూసి సర్టిఫికెట్ రాస్తాడు.

కోర్టులో ఆ సర్టిఫికెట్ ఎంతవరకు నిలుస్తుంది? 1971లో బొంబాయి నుంచి వెళ్ళిన ఒక ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది. నోట్లో వాసన, తూలే నడక, పొంతన లేని మాట, పెద్దవైన కంటి పాపలు ఉన్నా, రక్తమో మూత్రమో పరీక్షించకుండా తాగి ఉన్నాడని నిర్ధారించలేమని చెప్పింది. న్యాయశాస్త్రం ప్రకారం అది సబబైన మాటే. దెబ్బ తగిలినవాడూ తూలతాడు, భయపడినవాడి మాటా తడబడుతుంది. కానీ కింది స్థాయిలో దాని ఫలితం వేరుగా ఉంది. రక్తం తీసి, సీలు వేసి, ప్రయోగశాలకు పంపి, నివేదిక తెప్పించుకునే ఓపిక, వసతి ఎన్ని స్టేషన్లకు ఉంటాయి? మనిషి చనిపోయిన కేసుల్లోనే అది అంతంతమాత్రం. ఎవరికీ ఏమీ కాని రాత్రి, తాగి బండి మీద వెళ్తున్నవాడిని ఆపి అంత తతంగం నడిపించేదెవరు? హెచ్చరించి పంపేయడమో, చేతిలో ఏదో పడ్డాక వదిలేయడమో జరిగేది.

జనం నేర్చుకున్న పాఠం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. నిటారుగా నిలబడగలిగితే, పేరూ ఊరూ తడబడకుండా చెప్పగలిగితే తాగనట్టే లెక్క. ‘నేను స్టడీగానే ఉన్నాను సార్’ అన్న మాట పోలీసు ముందు వాదన. ఇంట్లో భార్య ముందూ అదే వాదన, పెళ్ళి విందు దగ్గర తాళాలు తీసుకోబోయిన బావమరిది ముందూ అదే. 1939 నాటి చట్టం కొలతా, జనం కొలతా ఒక్కటే కావడం వల్ల ఆ కొలత బలంగా నాటుకుపోయింది.

ఊపిరిలో దొరికిన లెక్క

మనం ఇలా నడకను చూసి తేలుస్తున్న కాలంలో మరికొన్ని దేశాలు వేరే దారి పట్టాయి. 1936లో నార్వే ప్రపంచంలోనే మొదటగా రక్తంలో మద్యానికి అంకె పెట్టింది: 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. మనిషి తూలాడా లేదా అన్నది అక్కర్లేదు, గీత దాటితే నేరమే. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎరిక్ విడ్‌మార్క్ మద్యం ఒంట్లో ఎలా పరుచుకుంటుందో, ఎంతసేపట్లో కరుగుతుందో లెక్కలు కట్టాడు. 1954లో అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే పోలీసు అధికారి బ్రెత్‌లైజర్ తయారుచేశాడు. ఊపిరితిత్తుల్లో రక్తం నుంచి మద్యం ఊపిరిలోకి వస్తుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే మద్యం ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఉండేదానికి సమానం. ఆ నిష్పత్తి మీదే యంత్రం నడుస్తుంది. సూది అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, రోడ్డు మీదే తేలిపోతుంది.

తర్వాత బోర్కెన్‌స్టైనే గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణంలో ప్రమాదాలు చేసిన డ్రైవర్లనూ, అదే దారుల్లో క్షేమంగా వెళ్ళిన డ్రైవర్లనూ వేల మందిని పోల్చి చూశాడు. 1964లో ఫలితాలు వచ్చాయి. రక్తంలో మద్యం పెరిగేకొద్దీ ప్రమాదం మెల్లగా కాదు, నిటారుగా పెరుగుతుందని తేలింది. బ్రిటన్‌లో 1967 అక్టోబరులో బార్బరా కాసిల్ అనే రవాణా మంత్రి 80 మిల్లీగ్రాముల హద్దు, రోడ్డు మీద ఊపిరి పరీక్ష తెచ్చింది. ఆమెకు కారు నడపడం రాదు. కారు తోలడం రాని ఆడమనిషి మాకు చెప్పేదేమిటని గొడవ చేశారు, బెదిరింపు ఉత్తరాలు రాశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాతి ఏడాది చావులు తగ్గడం కళ్ళారా చూశాక ఆ గొంతులు సన్నబడ్డాయి. అక్కడ కూడా జనం పుట్టుకతో బుద్ధిమంతులు కారు. అంకెను ఏళ్ళ తరబడి పదేపదే చెప్పారు, పట్టుకున్నారు, శిక్షించారు. అలా నేర్చుకున్నారు.

1994 నవంబరు 14

మన దేశంలో కొత్త మోటారు వాహనాల చట్టం 1988లో చేశారు, 1989 జూలై 1 నుంచి అమలైంది. అందులో 185వ సెక్షన్ మొదట రాసినప్పుడు మాట చాలా కఠినం: రక్తంలో మద్యం ఎంత కొంచెమున్నా నేరమే. వినడానికి గట్టిగా ఉంది. అయితే ‘ఎంత కొంచెమైనా’ అన్నది కొలవడానికి పనికొచ్చే మాట కాదు. యంత్రానికి ఒక గీత కావాలి. 1994 సవరణ ఆ గీత గీసింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే, అదీ బ్రెత్ అనలైజర్ పరీక్షలో తేలితే, నేరం. అప్పటి శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 3,000 దాకా జరిమానా. పట్టుకున్న మనిషికి రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించకపోతే వదిలేయాలి. ఆ గీత అమల్లోకి వచ్చిన రోజు 1994 నవంబరు 14.

30 మిల్లీగ్రాములంటే ఎంత? ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన లెక్క కాబట్టి ఇక్కడ చెబుతాను. మన విస్కీ, బ్రాందీల్లో నూటికి 42.8 పాళ్ళు మద్యం. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో 60 మిల్లీలీటర్ల పెగ్గు ఒక్కటి వేస్తే రక్తంలో సుమారు 40 మిల్లీగ్రాములు దాటవచ్చు. అంటే ఒక్క పెద్ద పెగ్గుతోనే గీత దాటినట్టు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా మొత్తం తాగితే 75, 80 దాకా పోతుంది. ఒళ్ళు గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే కరిగిస్తుంది. మజ్జిగ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, ఉల్లిపాయ నమిలినా ఆ వేగం మారదు. ఆ బీరు సీసా తాగినవాడు మళ్ళీ గీత కిందికి రావాలంటే మూడు గంటలకు పైనే పడుతుంది. రాత్రి పదకొండింటికి క్వార్టర్ ముగించి, నిద్ర లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ డబ్బా సర్దుకుని ఉదయం ఆరు గంటల షిఫ్టుకు బయల్దేరిన మనిషి రక్తం ఇంకా ఆ గీత దరిదాపుల్లోనే ఉండవచ్చు. వాడికి తూలుడు లేదు, వాసన లేదు, తాగానన్న ఊహే లేదు. ఒంటి బరువు తక్కువైతే, ఆడవాళ్ళయితే లెక్క ఇంకా పైకి పోతుంది. బ్రిటన్ 80 దగ్గర గీసిన గీతను మనం 30 దగ్గర గీశాం. కాగితం మీద మనది ఎంతో కఠినమైన చట్టం.

పాత కొలత కళ్ళకు కనిపించేది. ఈ కొలత కనిపించదు, ఒంటికి తెలియదు. అందుకే దీన్ని నేర్పాలి. పాఠశాలలో, లైసెన్సు ఇచ్చే చోట, లారీ యూనియన్ ఆఫీసులో, ఫ్యాక్టరీ గేటు దగ్గర నేర్పాలి. సరిగ్గా నేర్పాల్సిన ఆ రెండు మూడేళ్ళలో మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి.

దూబగుంట నుంచి లాల్ బహదూర్ స్టేడియం దాకా

1980లలో ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాకెట్లలో ఊరూరా చేర్చింది. కొట్టుకు వెళ్ళాల్సిన పని కూడా లేకుండా గడప దగ్గరికే వచ్చింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో, దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. చదువుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్ళు వాచకంలో ఆ కథ చదివారు. 1992లో జిల్లా అంతా కదిలింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. మన తెలుగు నేల మీద పేద ఆడవాళ్ళు సొంతంగా గెలిచిన అతి పెద్ద పోరాటాల్లో అదొకటి. దాన్ని తలుచుకుంటే ఈరోజుకీ నాకు గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

పోరాటం అక్కడ ఆగలేదు. సంపూర్ణ నిషేధం ఎన్నికల వాగ్దానమైంది. 1994 డిసెంబరు 12న లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి. రామారావు ఆ రోజే నిషేధం దస్త్రం మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత తాగితే బండి నడపకూడదో చెప్పే అంకె దేశమంతటికీ వచ్చింది నవంబరు 14న. రెండు నెలలు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్‌లో తాగడమే నేరం. 30 మిల్లీగ్రాముల గురించి మాట్లాడటానికి ఎవరికి నోరొస్తుంది? తాగేవాడు ఒప్పుకోడు, ప్రభుత్వం చెప్పదు. నిషేధం ఉన్న రాష్ట్రంలో ‘ఇంత దాటితే బండి తీయొద్దు’ అని గోడల మీద రాస్తే, ఆ లోపు తాగొచ్చని చెప్పినట్టవుతుంది. పోలీసులూ ఎక్సైజు వాళ్ళూ నాటుసారా బట్టీల వెంట, సరిహద్దు తనిఖీ కేంద్రాల్లో, అక్రమ రవాణా లారీల వెనక పరుగులు పెట్టారు. దేశం ఇచ్చిన ఆ కొత్త అంకె మన రాష్ట్రంలో పుట్టిన వెంటనే మూలన పడింది.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. నిషేధం తాగుడునూ ప్రయాణాన్నీ మరింత గట్టిగా ముడివేసింది. గోదావరి జిల్లాల వాళ్ళకు యానాం, ఉత్తరాంధ్ర వాళ్ళకు ఒడిశా సరిహద్దు. వీధి చివర కొట్టు మూతపడ్డాక, తాగాలనుకున్నవాడు బండి తీసి వెళ్ళి, అక్కడ తాగి, అదే బండి మీద తిరిగి వచ్చాడు. ఊళ్ళో దొరికేది దొంగచాటు నాటుసారా. కొండవాలుల్లో, తోటల్లో, సముద్రపు ఒడ్డున చీకటి పడ్డాక కూర్చుని తాగి, దొరక్కుండా తొందరగా బయటపడటం అలవాటైంది. జనసంచారం తక్కువుండే తీరాలూ ఘాట్ రోడ్లూ అలాంటివాళ్ళను పిలిచే చోట్లు. అక్కడి నుంచి ఇంటికి చేరాలంటే మలుపుల దారిలో బండి నడపక తప్పదు.

ఆడవాళ్ళ ఉద్యమాన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళు అడిగింది తమ ఇళ్ళు నిలబెట్టమని. వాళ్ళ ఇళ్ళను గుల్ల చేసింది ప్రభుత్వం పంపిన పాకెట్టే. ఆ కోరికకు ఉన్న న్యాయం ఎవరూ కాదనలేరు. నేను నిలదీసేది పాలించినవాళ్ళను. 1995 నిషేధ చట్టం చేసినప్పుడు, 1997లో దాన్ని సడలించినప్పుడు, ఆ రెండుసార్లూ వాదన అంతా ఖజానా గురించీ ఓట్ల గురించీ నడిచింది. రోడ్డు ఎవరి లెక్కలోనూ లేదు.

1997: దుకాణాలు తెరిచారు, అంకె చెప్పలేదు

1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం సడలించింది. సారా మీద నిషేధం ఉంచి, విదేశీ రకం మద్యం దుకాణాలూ బార్లూ తెరిచారు. ఆదాయం లేదన్నారు, అక్రమ రవాణా ఆగడం లేదన్నారు. రెండూ నిజమే. సరిగ్గా ఆ రోజుల్లోనే విశాఖ రోడ్ల మీద మోటారు సైకిళ్ళు వెల్లువెత్తాయి. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం చుట్టూ కొత్త కాలనీలు, నెలనెలా జీతం, వాయిదాల మీద బండి. ఎన్ఏడీ నుంచి గాజువాక దాకా జాతీయ రహదారి పక్కనే బ్రాందీ షాపులు. అప్పటి అయిదో నంబరు రహదారి ఊరి మధ్య నుంచి పోయేది కాబట్టి లారీ, బస్సు, స్కూటరు, సైకిలు, నడిచి వెళ్ళే షిఫ్టు కూలీ అందరూ ఒకే రోడ్డు మీద.

మళ్ళీ తెరిచిన రోజు ప్రతి దుకాణం ముందూ ఒక బోర్డు పెట్టించి ఉండవచ్చు: ఒక్క పెగ్గు వేసినా బండి ముట్టుకోవద్దు. బార్ లైసెన్సు షరతుల్లో తాగినవాడిని ఇంటికి చేర్చే ఏర్పాటు అడిగి ఉండవచ్చు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. ఆ అవకాశం పోయింది. రాష్ట్రంలో తాగుబోతు మీద జాలి ఉంది, అసహ్యం ఉంది, ఆదాయం ఉంది. తాగి నడిపేవాడి వల్ల మరొకడు చస్తాడన్న భయం మాత్రం పెరగలేదు. పట్టుబడ్డవాడిని చూసి ‘పాపం, ఈరోజు వాడి టైము బాలేదు’ అని ఓదార్చే తీరు ఆ ఖాళీలో పెరిగింది. జరిమానా కట్టి బయటికొచ్చినవాడు నేరం చేశానని అనుకోలేదు, దురదృష్టం తగిలిందనుకున్నాడు. 2,000 రూపాయలు అతనికి టోల్ గేటు రుసుములా కనిపించాయి.

ఆ జరిమానా 2019 సెప్టెంబరు 1 నుంచి 10,000 అయింది. ఆ లోపు ఎన్నో జరిగాయి. 2006లో బొంబాయి కార్టర్ రోడ్డు పక్కన నిద్రపోతున్న కూలీల్లో ఏడుగురిని ఒక కారు తొక్కి చంపింది. ఆ కేసు సుప్రీంకోర్టులో 2012 దాకా నడిచింది. 2011లో హైదరాబాద్ పోలీసులు రాత్రిళ్ళు బ్రెత్ అనలైజర్లతో వరసగా తనిఖీలు మొదలుపెట్టారు. పట్టుబడ్డవాళ్ళను గోషామహల్‌కు కుటుంబసభ్యులతో సహా పిలిపించి కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టారు. 2016 జూలైలో పంజాగుట్ట దగ్గర తాగిన విద్యార్థుల కారు ఎగిరి అవతలి కారు మీద పడింది. ఒక చిన్నారి, ఆమె కుటుంబసభ్యులు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మవద్దంది. ఆ తీర్పు ఎలా సడలుతూ వచ్చిందన్నది దానికదే ఒక కథ. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఒక బైకు జారిపడింది. దాన్ని నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. రోడ్డు మీద పడిన ఆ బైకును బస్సు ఈడ్చుకెళ్ళగా మంటలు లేచి, బస్సులోని 19 మంది కాలిపోయారు.

వచ్చే భాగం ఈ పద్నాలుగేళ్ళ గురించి. 2011 నుంచి 2025 దాకా ఊపిరి యంత్రం మన రోడ్ల మీదికి ఎలా వచ్చింది, విశాఖ బీచ్ రోడ్డు మీదా యారాడ ఘాట్ మలుపుల దగ్గరా దాన్ని జనం ఎలా ఎదుర్కొన్నారు, భార్యలూ తల్లులూ కౌన్సెలింగ్ గదుల్లో ఏం విన్నారు, దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్ళి మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చిన 2019, 2024 మార్పులు రోడ్డును ఎంత పట్టించుకున్నాయి అన్నవి అందులో చూద్దాం.

అంతవరకు పాఠకులకు ఒక విన్నపం. 1995–97 నిషేధం రోజుల్లో మల్కాపురం, సింధియా, గాజువాక, గంగవరం, యారాడ ప్రాంతాల్లో లారీ తోలినవాళ్ళు, క్లీనర్లుగా పనిచేసినవాళ్ళు, ఆ రోజుల్లో కేజీహెచ్ క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసిన డాక్టర్లు, నర్సులు మీ జ్ఞాపకాలు రాసి పంపండి. పేర్లు వేయం. ఆ మూడేళ్ళ రోడ్డు చరిత్ర ప్రభుత్వ కాగితాల్లో కంటే మీ దగ్గరే ఎక్కువగా ఉంది.